ఇనుమా, చెక్కా

1961 మే నెల, ఒక ఆదివారం, పొద్దెక్కుతున్న వేళ. ఖర్కాయి నదికి అవతల, ఆదిత్యపూర్‌లో ఇంకా పునాది తియ్యని ఖాళీ జాగా. చింతపండూ బెల్లమూ టోకున అమ్మే జగదాంబ అక్కడ గోదాము కట్టించబోతోంది. దాని చట్రం దేనితో నిలబెడితే మంచిదో చెప్పమని, ఉక్కు కంపెనీలో ముప్పయ్యేళ్ళుగా ఇనప కట్టడాలు లేపుతున్న ఖలాసీ మేస్త్రీ పౌల్‌రాజుని రమ్మంది. అతను వచ్చాడు, చెప్పాడు. ఆమె నమ్మలేదు.

"ఏటన్నావు?"

"చెక్క."

"మళ్ళీ అను. చెవిలో జోరీగ దూరినట్టుంది."

"చెక్క, జగదాంబా. సాల్ చెక్క. నిలువునా రాటలు, అడ్డంగా దూలాలు, పైన రేకులు. గోదాముకి ఇంతకంటే ఏటి కావాలి?"

"ముప్పయ్యేళ్ళు ఇనుము ఎత్తినోడివి. చిమ్నీలెక్కినావు, గర్డర్లెక్కినావు. మంచం మీద కంటే గర్డర్ల మీదే ఎక్కువ తొంగున్నావని మీ ఆవిడ సువర్ణకుమారే నాతో చెప్పీది. నువ్వు చెక్కంతన్నావేటి మేస్త్రీ?"

"పోయిన మనిషిని ఇందులోకి లాక్కు."

"పోనాది గాబట్టే నాను లాగతన్నాను. బతికుంటే అదే లాగును, నీ చెవి."

"ఇనుముకి పర్మిట్ కావాలి జగదాంబా. పర్మిట్‌కి దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకెళ్తే గుమాస్తా ఉండడు. గుమాస్తా ఉంటే సంతకం పెట్టే దొర ఉండడు. ఇద్దరూ ఉన్న రోజు సెలవు."

"ఇనప ఊళ్ళో కూకుని ఇనుము దొరకదంతావు."

"పొయ్యి దగ్గర కూర్చున్నంత మాత్రాన కూడు కంచంలోకి వత్తాదా?"

"పోనీ సిమెంటు. స్తంభాలు పోసీ."

"దానికీ కోటానే. పైగా పోసింది పోసినట్టు ఉండదు. తడపాలి, కప్పాలి, ఇరవయ్యొక్క రోజులు బాలింతని చూసుకున్నట్టు చూసుకోవాలి. వానలకి ఎన్నాళ్ళుంది? ఆరు వారాలు."

"మీ దేవుడు ఆరు రోజుల్లో లోకం కట్టీసినాడంతావు గదా. నువ్వు ఆరు వారాల్లో ఒక్క గోదాం కట్టనేవా?"

"ఆయనకి పర్మిట్ అక్కర్లేదు."

"ఓహో. ఈయాల ఆదివారం గదా, చర్చికెల్లకుండా ఈ ఎండలో నిలబడ్డావు. ఆయన ఊరుకుంతాడేటి?"

"నా సంగతి ఆయనకి తెలుసు. పాస్టరుగారికే తెలీదు. అగ్గిపెట్టుందా?"

"నీకెందుకు అగ్గిపెట్టి?"

"నాకు కాదు. నీ చుట్ట ఆరిపోయింది."

"ఆరనేదు. నిప్పు లోపలుంది. అడ్డపొగ ఎప్పుడూ సూడనట్టు మాటాడతావేటి?"

"ఆ నిప్పు నోట్లో పెట్టుకుని మాటాడతావు. అందుకే నీ మాట తగిలిన చోటల్లా కాలుతుంది."

"కాలాలనే. చెక్క గోదాములో నాను చుట్ట కాలిస్తే ఏటవుతాదో ఆలోసించినావా?"

"అగ్రికోలో ఉన్న నా పెరట్లోకి కూడా బూడిద వత్తాది. ఆలోచించాను. చుట్ట మానెయ్యి."

"నువ్వు ఇనుము మానీ, నాను చుట్ట మానేత్తాను."

"మానేత్తన్నాను కదా మరి."

"ఏటన్నావు?"

"ఏం లేదు. చెక్కంటే పని బేగి అయిపోద్దంటన్నాను."

"నా గొడవ నీకెక్కడ తెలుత్తాది? జుగ్సలాయిలో అద్దె గోదాం వచ్చే నెలాఖరికి ఖాళీ చెయ్యమన్నాడు ఆసామి. ఆడి కొడుకు అక్కడ సినిమాహాలు కడతాడంట. సరుకు తీసుకెల్లి నా నెత్తినెట్టుకోనా? పోయినేడు ఏటయింది? గుర్తుందా నీకు?"

"ఊరందరికీ గుర్తుంది."

"అనకాపల్లి బెల్లం. లారీడు బెల్లం. గోదాములో నడిమజ్జన నాలుగు స్తంభాలు, లారీ లోపలికి దూరదు. వీధిలో ఆపి దింపతన్నాం. వాన పడింది. పడిందంటే మామూలుగా పడిందా? జుగ్సలాయి వీధంతా పానకం!"

"శ్రీరామనవమి వెళ్ళిన మూడు నెలలకి."

"నవ్వు. నీకు నవ్వులాటగానే ఉంతాది. ఈగలు తాగి తాగి ఎగరనేక పడిపోనాయి. అప్పుడే అనుకున్నాను. నాను కట్టే గోదాములోకి లారీ లోపలికి రావాల, లోపలే తిరగాల, తలకాయ ముందుకెట్టి బయటికి పోవాల. మజ్జన ఒక్క కర్ర కూడా ఉండకూడదు. అదొక్కటే నాను నీకు చెప్పింది. ఆ ఒక్కటీ ఒగ్గేసి నువ్వు రాటలంతన్నావు."

"రెండు వరసలు రాటలు. అంతే. లారీ బయట ఆగుతుంది. పైన తాటాకు పందిరేసుకో."

"మళ్ళీ పానకమేనేటి?"

"అదుగో, ముసలయ్య వత్తన్నాడు. నేనే రమ్మన్నాను. చెక్క సంగతి వడ్రంగి నోటే విను."

కద్మాలో ఉండే ముసలయ్య సైకిలు నడిపించుకుంటూ వచ్చి, దాన్ని ఇటుకల కుప్పకి ఆనించాడు.

"నమస్తే అప్పా. పౌలన్నా, నమస్తే. సైకిలు పంచరు, కద్మా నించి నడిచే వత్తన్నాను. ఏటంత అర్జంటు? ఎవులు పోనారు? పెట్టె కొలత చెప్పండి."

"ఎవరూ పోలేదురా. నీ నోట్లో మన్ను పడ. పెట్టె కాదు, గోదాము."

"గోదామా? చెక్కతోటా?"

"చెక్కతోనే. నీకే పని."

"పాగల్ హో గయా క్యా, పౌలన్నా? మతిగాని పోనాదేటి?"

"నువ్వు వడ్రంగివేనా?"

"మా తాత కాణ్ణించీ వడ్రంగులమే. అందుకే చెప్తన్నాను. ఇది నదొడ్డన్నా. కింద తడి, తడి కింద చెద. ఆ చెదకి సాలని తెలీదు, టేకని తెలీదు, అన్నీ దానికి పిండొంటలే. సాచ్చాత్తూ పూరీ జగన్నాథస్వామికే కొన్నేళ్ళకోసారి పాత ఒళ్ళు మార్చి కొత్త చెక్క ఒళ్ళు చేత్తారు గదా. అంత స్వామికే ఒళ్ళు నిలవనప్పుడు, అప్ప చింతపండుకి నిలుత్తాదేటి?"

"దేవుడితో పరాచికాలేటిరా?"

"పరాచికం కాదన్నా. ఆయనా మా చెక్కోడే."

"నీకు పని ఇప్పిద్దామని పిలిస్తే నన్నే ముంచుతావా?"

"పని కావాలన్నా, ఒద్దంతన్నానా? గానీ నలభై రెండడుగుల జాగాకి ఒక్క చెక్క దూలం ఎక్కణ్ణించి తెమ్మంతావు? సారండా అడివిలో అంత చెట్టు ఉంటే ఉండొచ్చు. దాని మీద గొడ్డలెత్తితే ఏనుగులొచ్చి నన్ను తొక్కుతాయి."

"మధ్యలో రాటలెయ్యిరా బాబూ, రాటలు! రెండు వరసలు!"

"ఏత్తే లారీ తిరగదు. అప్ప ఒప్పుకోదు. పోయినేడు ఆ పానకం నాను కూడా తొక్కినాను. మూడు రోజులు చెప్పులు కాళ్ళకి అంటుకుపోనాయి."

"విన్నావా మేస్త్రీ? ఇదెక్కడి చోద్యమే తల్లీ! ఇనపోడు చెక్కంతాడు, చెక్కోడు ఇనుమంతాడు. రేపు మంగలోడొచ్చి గెడ్డం పెంచుకోమంతాడు."

"ఐనా ఆ ఇనుము ఉండగా మళ్ళీ ఈ గోలేటప్పా?"

"ఏ ఇనుము?"

"ముసలయ్యా, అటు ఎల్లి టీ తాగు."

"ఏ ఇనుమురా?"

"అరె, అన్నకి చెప్పనేదా అప్పా? మాఫ్ కరో. నాకు తెలీదు. నాను ఏటీ అననేదు."

"అనీసినావు గదా, సచ్చినోడా. ఇంక దాచి ఏటి లాభం. ఔను మేస్త్రీ. కొన్నాను."

"ఏటి కొన్నావు?"

"యుద్ధంలో తెల్లోళ్ళు విమానాలు పెట్టుకోడానికి కట్టిన షెడ్డు ఒకటుంది చూడు, చాకులియా అవతల. అది ఇప్పేసినారు. వేలం ఏసినారు. ఎవుడూ ముందుకి రానేదు. నాను చెయ్యెత్తినాను."

"పర్మిట్?"

"పాత ఇనుముకి పర్మిటేటి? తుక్కు కింద రాసిచ్చినారు."

"చెయ్యెత్తే ముందు నన్నొక్క మాట అడగలేదు."

"అడిగితే చెక్కందువు."

"ఎన్ని?"

"ఎనిమిది ట్రస్సులు. కప్పు మోసీ ఆ పెద్ద ఇనప చట్రాలు, కాళ్ళతో సహా. బోల్టులు గోనెసంచిలో ఏసి ఇచ్చినారు. మంగళారం ట్రక్కుల్లో వత్తాయి."

"తుప్పు?"

"పైపైన. నాను గోరుతో గీకి చూసినాను. లోపల నల్లగా, గట్టిగా, నీ మొగంలాగే ఉంది."

"రివిట్లు కదులుతున్నాయా? సుత్తితో కొట్టి చూశావా?"

"ముసలయ్య కొట్టినాడు. గంట మోగినట్టు మోగింది. మీ చర్చి గంటకంటే నయం."

"స్పానెంత?"

"అదేటి?"

"ఈ కాలికీ ఆ కాలికీ మధ్య ఎంత దూరం?"

"అరవై అడుగులు."

"అరవై."

"అరవై."

"నీ జాగా వెడల్పెంత?"

"నలభై రెండు."

"నలభై రెండా!"

"ఏటలా చూత్తావు?"

"నవ్వాలో ఏడవాలో తెలీక చూత్తన్నాను. జగదాంబా, నలభై రెండడుగుల జాగాలో అరవై అడుగుల ట్రస్సు ఎలా పెడతావే? ఏనుగుని కుండలో కూర్చోబెడతావా?"

"కోసీ."

"ఏటి?"

"పద్దెనిమిది అడుగులు కోసీ మజ్జన. మళ్ళీ అతికీ. కంపెనీలో రోజూ కోత్తారు గదా."

"అది పాము కాదు, తోకా తలా ఉంటే చాలనుకోడానికి. ట్రస్సు. నడుం దగ్గరే దాని బలమంతా. నడుం కోసి మనిషిని పొట్టివాణ్ణి చేస్తే వాడు నడుస్తాడా?"

"చివర్లు కోసీ మరి."

"చివర్లు కోస్తే కాళ్ళు నరికినట్టు."

"ఐతే నువ్వే చెప్పు."

"ఉండు. ఆలోచించనీ. జాగా పొడుగెంత, వందా? ట్రస్సులు అడ్డంగా కాకుండా పొడుగ్గా తిప్పి పెడితే… ఒక కాలు వీధి వైపు, ఒక కాలు నది వైపు. నలభై రెండడుగుల్లో నాలుగు పడతాయి. అరవై అడుగుల గోదాము వత్తాది. మిగిలిన నలభై అడుగులు ఎండకి, మిగిలిన నాలుగు ట్రస్సులు తుప్పుకి."

"సగం గోదాము."

"సగం కంటే కొంచెం ఎక్కువ."

"సగం గోదాము, సగం ఎండ. నాకొద్దు. నాకు మొత్తం కావాల."

"అప్పా, నాను టీ తాగొత్తాను. మీరిద్దరూ కొట్టుకోండి. దెబ్బలు తగిలితే కేకెయ్యండి, కట్టుకట్టడానికి చెక్కలు తెత్తాను. పౌలన్నా, ఒక్క మాట. నువ్వు చెక్క సంగతి మాటాడకు. నాను వంట సంగతి మాటాడినట్టుంది."

ముసలయ్య సైకిలుని అక్కడే వదిలేసి టీ దుకాణం వైపు నడిచాడు. జగదాంబ పౌల్‌రాజు వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు."

"ఏటి చెప్పను?"

"చెక్కెందుకన్నావు?"

"చెప్పాను కదా. పర్మిట్…"

"పర్మిట్ సచ్చింది. ఇనుము దొరికింది. ఐనా నీ మొగంలో సంతోషం నేదు. ఇనప ట్రస్సు పేరు చెప్తే చిన్నపిల్లడు లడ్డూ చూసినట్టు చూసీ మనిషివి. పోయినేడు స్టేషను దగ్గర క్రేను పని అవుతుంటే, నాతో బజారుకి వచ్చి నన్ను నడిరోడ్డులో ఒగ్గేసి దాన్ని చూత్తా నిలబడ్డావు. గంట నిలబడ్డావు. నా కూరగాయలు వాడిపోనాయి."

"అది మంచి క్రేను."

"మాట మార్చకు."

"ఆగస్టులో నా సర్వీసు అయిపోద్ది."

"తెలుసు."

"అగ్రికో క్వార్టరు ఖాళీ చెయ్యాలి."

"అదీ తెలుసు."

"మా చెల్లి ఆనందకుమారి ఉత్తరం రాసింది. భీమిలి వచ్చీ అన్నయ్యా అని. వరండాలో మంచం ఏయిత్తాదట. పొద్దున్నే సముద్రపు గాలి, మధ్యాన్నం నెత్తళ్ళ పులుసు."

"ఎప్పుడు రాసింది?"

"ఫిబ్రవరిలో."

"ఇది మే."

"ఔను."

"ఫిబ్రవరి, మార్చి, ఏప్రిలు. పన్నెండు ఆదివారాలు నా గోదాముకి వచ్చినావు. బస్తాల దొంతర్లు ఒరిగిపోతున్నాయని సర్దించినావు, తక్కెడ సరిచేసినావు, తలుపు కిర్రుమంతందని నూనె పోసినావు. ఈ ముక్క ఒక్కసారి నోటంట రానేదు?"

"తలుపు కిర్రుమంటే చెప్పడం తేలిక."

"ఔనూ… ఇప్పుడు తెలిసింది. ఓలమ్మో, ఇప్పుడు తెలిసింది నాకు! చెక్కైతే ముసలయ్య కడతాడు. ఇనుమైతే నువ్వుండాల. ఔనా కాదా?"

"ఇనుము నిలబెట్టడం మొదలెట్టి మధ్యలో ఒగ్గేసి పోవడం నావల్ల కాదు జగదాంబా. మొదటి కాలు లేపేనంటే ఆఖరి బోల్టు బిగించేదాకా నాకు నిద్ర పట్టదు. తరవాత కూడా, గాలొస్తే లేచి చూస్తాను, నిలబడిందా లేదా అని. చెక్కంటే ఆ బాధ లేదు. పడిపోతే ముసలయ్యని తిడతావు."

"పోలేవు గాబట్టి మొదలెట్టవన్న మాట."

"అలాగే అనుకో."

"పోవాలని నీకున్నాదా?"

"మా చెల్లి రమ్మంది."

"నాను అడిగింది మీ చెల్లి సంగతి కాదు."

"జనం ఏటంటన్నారో నీకు తెలీదు."

"ఏటంతన్నారు?"

"ఆదివారం వత్తే పౌల్‌రాజు చర్చి మానేసి చింతపండు బస్తాలు సర్దడానికి పోతాడు అంటన్నారు."

"నిజమే గదా. సర్దతన్నావు గదా."

"బస్తాలు సర్దడానికి రెండు గంటలు చాలు జగదాంబా. నేను ఆరు గంటలు ఉంటన్నాను. నువ్వు గమనించలేదా?"

"నాను టోకు వ్యాపారం చేత్తాను మేస్త్రీ. ఎవుడు ఎంతసేపు కూకున్నాడో నాకు తెలీదనుకున్నావా? మా ఆయన పోనాక పదకొండేళ్ళలో నా గోదాముకి ఎంతమంది రానేదు? సరుకు కోసం వచ్చినోళ్ళు, అప్పు కోసం వచ్చినోళ్ళు, నీతులు చెప్పడానికి వచ్చినోళ్ళు. తలుపుకి నూనె పొయ్యడానికి వచ్చినోడు నువ్వొక్కడివే."

"కిర్రుమంటే నాకు చిరాకు."

"నాకు ఆ తలుపు కిర్రుమనడమే ఇష్టం. నువ్వు నూనె పోసినాక నువ్వు వచ్చింది నాకు వినబడటం మానీసింది."

"ఆ ముక్క చెప్పొచ్చు కదా."

"నువ్వు భీమిలి సంగతి చెప్పినావా?"

"…సరే. ఉంటాను."

"ఏటి?"

"ట్రస్సులు నిలబెట్టేదాకా ఉంటాను. చెల్లికి రాత్తాను, వానలయ్యాక వత్తానని. ట్రస్సులు పైకెత్తడానికి డెరిక్కూ చైన్‌కప్పీ అద్దెకి తెద్దాం. మా పాత గేంగులో నలుగురు ఖలాసీలు ఖాళీగా ఉన్నారు. పునాది గోతులు రేపే మొదలెడదాం. తుప్పు గీకించి ఎర్రరంగు కొట్టించాలి, చింతపండు ఆవిరికి ఇనుము ఊరికే పాడవుద్ది."

"ఇప్పుడొచ్చింది నీ మొగంలోకి లడ్డూ."

"లడ్డూ కాదు, తలనొప్పి. నాలుగు ట్రస్సులతో సగం గోదాము కడదాం. మిగతా నాలుగూ ఎవరికైనా అమ్మెయ్యి."

"అమ్మను. ఎనిమిదీ నిలబడాల. అడ్డంగానే నిలబడాల."

"అడ్డంగా పట్టవే బాబూ! ఎన్నిసార్లు చెప్పను? పద్దెనిమిది అడుగులు నీ జాగా దాటి పక్క జాగాలోకి పోతాయి."

"పోనీ."

"పోనీ అంటే? పక్క జాగా…"

"ఊఁ. పక్క జాగా?"

"పక్క జాగా నాది."

"ఔనా?"

"తెలీనట్టు అడక్కు. రిజిస్ట్రారు ఆఫీసుకి ఒకే రోజు వెళ్ళాం, ఒకే రిక్షాలో. చిన్న ఇల్లు కట్టుకుందామని కొన్నాను. సువర్ణకుమారి లేకపోయాక ఇల్లెందుకని ఊరుకున్నాను. భీమిలి పోయేముందు అమ్మేద్దామనుకుంటన్నాను, ఎవరో ఒకరికి."

"ఎవులో ఒకరికెందుకు అమ్మడం?"

"నువ్వు కొంటావా ఏటి?"

"కొనను."

"కొనవు, అమ్మనివ్వవు. మరి ట్రస్సు ఎక్కడ పెట్టమంటావు? ఇరవై ఏళ్ళ నించి గింజ తేడా రాకుండా తూకం ఏసినదానివి. అంత ఇనుము కొనే ముందు ఒక్కసారి టేపు పట్టి జాగా కొలుచుకోవద్దా?"

"కొలిచినాను."

"ఏటి కొలిచావు?"

"ముసలయ్య ఆ చివర పట్టుకున్నాడు, నాను ఈ చివర. రెండుసార్లు కొలిచినాం. నాది నలభై రెండు, నీది ఇరవై. అటు గోడకో అడుగు, ఇటు గోడకో అడుగు తీసేత్తే సరీగా అరవై. అది చూసుకునే వేలంలో చెయ్యెత్తినాను. ఇంతకంటే నోరిప్పి చెప్పమంతావేటి, సిగ్గునేనోడా!"